అడ్డపొగ అరుగు

చీకట్లో చుట్ట కాల్చేవాణ్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఎర్రటి చుక్క ఒకటి కదులుతూ ఉంటుంది. మా ఇంటి అరుగు మీద ఆ చుక్క ఎప్పుడూ కనబడేది కాదు. నలుగురు ఆడవాళ్లు కూర్చుని చుట్టలు కాలుస్తున్నా చీకటి చీకటిగానే ఉండేది. మాటలు వినబడేవి, పొగ వాసన వచ్చేది, అంతే. నిప్పు వాళ్ల నోళ్లలో ఉండేది.

దీన్ని మా శ్రీకాకుళం వైపు అడ్డపొగ అంటారు. చుట్టని మామూలుగా అంటించి, రెండు దమ్ములు లాగి, తర్వాత కాలే కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుంటారు. కాలని కొస బయట ఉంటుంది. గాలి అటు నుంచి లోపలికి పోతుంది. పెదాల తడికి చుట్ట మెల్లగా కాలుతుంది, చాలాసేపు వస్తుంది. బూడిద కొంత ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు. వేడంతా పైన అంగిలికి తగులుతుంది. అమ్మ అలా నలభై ఏళ్లు కాల్చింది.

మా ఊరు కళింగపట్నం దీపస్తంభం వెలుగు కనబడేంత దూరంలో ఉంటుంది. పొద్దు వాలాక పొయ్యి మీద అన్నం దించేసి అమ్మ అరుగు మీదికి వచ్చేది. ఎదురింటి అప్ప, మా పెద్దమ్మ, ఒడ్డు నుంచి చేపల తట్ట దించుకుని వచ్చిన అత్త కూడా చేరేవారు. ఆ అత్తకి మాకు చుట్టరికం ఏమీ లేదు, చేపలత్త అనే పిలిచేవాళ్లం. సంతలో కొన్న పొగాకు అక్కడే విప్పి, ఈనె తీసి, నీళ్లు చిలకరించి, చుట్టి, దారం కట్టేవారు. నేనూ నా తమ్ముడూ పొయ్యిలోంచి నిప్పు తెచ్చేవాళ్లం. అమ్మ కూడా చిన్నప్పుడు వాళ్లమ్మకి ఇలాగే నిప్పందిస్తూ అలవాటు చేసుకుందట. నేను టీచరు ట్రైనింగు చదువుకి హాస్టల్లో చేరిపోయాను కాబట్టి తప్పించుకున్నాను. నా తెలివితేటలు అందులో ఏమీ లేవు.

పొగాకు ఈ నేల మొక్క కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల మీద వచ్చింది. 1617లో జహంగీరు పొగ తాగవద్దని ఉత్తర్వు వేశాడు, ఎవరూ వినలేదు. గోదావరి లంకల ఒండ్రు నేలలో పండిన ఆకు చుట్టకి బాగా కుదిరి, లంక పొగాకు అనే పేరు నిలిచిపోయింది. మా ప్రాంతపు నాటకమే అయిన 'కన్యాశుల్కం'లో గిరీశం పొగచుట్టని పొగుడుతూ పద్యం చదువుతాడు. అది మగవాడి చుట్ట, నలుగురికీ కనబడే చుట్ట. గురజాడ విజయనగరంలో కూర్చుని రాస్తున్న ఆ రోజుల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో ఎందరు ఆడవాళ్లు నిప్పుని నోట్లోకి తిప్పి పెట్టుకున్నారో నేను చదివిన ఏ కథలోనూ కనబడలేదు.

నిప్పు లోపలికెందుకు అని అడిగితే తలా ఒకటి చెబుతారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా అని ఒకరు. వంట చేసేటప్పుడు కూరలోనూ, ఒళ్లో పిల్ల మీదా బూడిద రాలకుండా అని ఒకరు. అత్తమామల కంట నిప్పు పడకుండా అని ఇంకొకరు. ఆకు తక్కువ పడుతుందని పేదరికం లెక్క చెప్పేవాళ్లూ ఉన్నారు. వీటిలో దేన్నీ నేను కాదనను. అమ్మ మాత్రం "ఎచ్చగుంటాది" అనేది. తెల్లవారుజామున మంచులో నాట్లకి వెళ్లే మనిషి మాట అది. అసలు కారణం వేరని నాకు అనిపిస్తుంది. వాళ్లమ్మ అలా కాల్చింది, వాళ్లమ్మ పక్కన కూర్చున్నవాళ్లూ అలాగే కాల్చారు. పక్కన కూర్చోవాలంటే తనూ అలాగే కాల్చాలి. ఇదేదో మన ఆడవాళ్ల వింత అని రాసేవాళ్లకి ఒక మాట. సార్డీనియా దీవిలో, పనామా, కొలంబియాల్లో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఈ అలవాటు ఉన్నట్టు వైద్యులు రాశారు.

ఈ నిప్పు ఏం చేస్తుందో మొదట గమనించింది విశాఖపట్నం వైద్యులే. 1937లోనే కిని, సుబ్బారావు అనే ఇద్దరు ఈ తీరప్రాంతపు క్యాన్సర్ల గురించి వైద్య పత్రికలో రాశారు. 1957లో గోవిందరెడ్డి, వి.కె.రావు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరుకీ, కాలే కొసని నోట్లో పెట్టుకునే చుట్టకీ ఉన్న సంబంధాన్ని వ్యాసం శీర్షికలోనే చెప్పారు. గట్టి అంగిలికి క్యాన్సరు రావడం మిగతా చోట్ల అరుదు. మా వైపు అది అరుదు కాదు. ఆ మాట విని బయటి నుంచి పరిశోధకులు వచ్చారు. డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకి చెందిన ఫలీ మెహతా, వాళ్ల సహచరులు కలిసి 10,169 మంది పల్లెవాసుల నోళ్లు తెరిపించి చూసి 1971లో ఫలితాలు ప్రచురించారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే అని తేలింది.

అమ్మ కన్నవారి ఊరికి టార్చిలైట్లు పట్టుకుని డాక్టర్లు వచ్చారని, ఆడవాళ్లు సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంటే "నోరు చాలమ్మా, మొహం అక్కర్లేదు" అన్నారని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ రోజు ఆమె అక్కడ లేదు. మా ఊళ్లో చేలో ఉంది.

తర్వాత శ్రీకాకుళంతో పాటు కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్ జిల్లాలు కలిపి 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో ఇంకో పెద్ద పని జరిగింది. ఇంటింటికీ వెళ్లి నచ్చచెప్పారు, సినిమాలు చూపించారు, రేడియోలో చెప్పారు. మాన్పించే ప్రయత్నం జరిగిన చోట నోట్లో వచ్చే తెల్లమచ్చలు తగ్గాయని 1986లో రాశారు. ఇది చిన్న విషయం కాదు. నిప్పు తీసేస్తే అంగిలి కోలుకోగలదని మా జిల్లా ఆడవాళ్ల నోళ్లే రుజువు చేశాయి.

ఈ కాగితాలన్నీ నేను చదివింది అమ్మకి జబ్బు చేశాక. అన్నిట్లోనూ నోళ్ల లెక్క ఉంది, మచ్చల లెక్క ఉంది. సాయంత్రం అరుగు మీద ఎవరు ఎవరి పక్కన కూర్చునేవారో ఎక్కడా లేదు. డాక్టర్లని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ల పని వాళ్లు గొప్పగా చేశారు. ఆ రెండో లెక్క నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

1994 సంక్రాంతి దాటాక అమ్మ అంగిట్లో పుండు లేచింది. చూపించిన మొదటి డాక్టరు పిప్పిపన్ను అన్నాడు, మాత్రలిచ్చాడు. అయిదు నెలలు అలాగే గడిచాయి. పులుసు మంటెత్తి అన్నం మజ్జిగలోకి వచ్చింది, తర్వాత గంజిలోకి వచ్చింది. జూన్లో విశాఖ తీసుకెళ్తే ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం నా చేతికిచ్చి "పెద్దావిడకి చెప్పకండి" అన్నారు. ఆ రోజుల్లో అదే పద్ధతి. ఇంట్లో కూడా ఆ జబ్బు పేరు ఎవరూ పలికేవారు కాదు. పుట్టకురుపు అనేవారు, రాచపుండు అనేవారు, లేదంటే "ఆ జబ్బు" అని ఆగిపోయేవారు. నేనూ వేడి చేసిందని చెప్పాను. అమ్మ నా వంక చూసింది. నమ్మలేదని నాకు తెలుసు.

చెప్పింది ఎదురింటి అప్ప. ఒక సాయంత్రం అరుగు మీద నేనుండగానే చెప్పింది. "ఓలమ్మా, అది కేన్సరేనే. నీకొచ్చిందని మాకు తెలీదనుకున్నావేటి? నీకు తెలీదని ఈ గుంట అనుకుంటంది." అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నోట్లో చుట్ట తీసి గోడకి నలిపి పక్కన పెట్టింది. "అయితే ఎవులెవులొస్తారే నాతోటి ఇశాపట్నం?" అని అడిగింది. నేను రెండు వారాలుగా మోస్తున్న అబద్ధాన్ని వాళ్లు ఒక్క నిమిషంలో దించేశారు. ఆ రాత్రి అమ్మ బాగా నిద్రపోయింది. నేనూ పోయాను.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. మాకు అప్పుడు అదేమీ లేదు. ఇరవై సెంట్ల జీడితోట అమ్మాం. ఆగస్టులో ఆపరేషన్ చేసి పై దవడలో ఒక పక్క తీసేశారు. అంగిలికి కన్నం పడితే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కులోకి పోతుంది. దాన్ని మూయడానికి కట్టుడు పళ్లలాగా ప్లేటు చేసి ఇచ్చారు. తిన్నాక ప్రతిసారీ తీసి కడిగి పెట్టుకోవాలి. సెప్టెంబరు మధ్య నుంచి కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. రేడియేషన్‌ని మా ఆసుపత్రి వరండాలో అందరూ కరెంటు అనేవారు. మొత్తం ముప్పై. వారానికి అయిదు. చెంప మీద సిరాతో గీతలు గీసి, ఇవి చెరిపేయొద్దు, సబ్బు పెట్టొద్దు అన్నారు.

ఆసుపత్రి దగ్గర సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. పది అడుగుల గది, బయట కుళాయి, ఒక కిరసనాయిలు స్టవ్వు. నేను బడికి సెలవు పెట్టాను. అన్నీ నేనే చూసుకుంటాననీ, అమ్మ పడుకుని విశ్రాంతి తీసుకుంటే చాలనీ అనుకున్నాను. మందుల వేళలు గోడకి రాసి అంటించాను. చూడవచ్చిన దగ్గరి బంధువొకరు అమ్మ నీళ్లు తాగిన గ్లాసుని వేరే పెట్టమని నా చెవిలో చెప్పి వెళ్లారు. వేరే పెట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధ.

మూడో రోజు పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి చేపలత్త దిగింది. చేతిలో చోడిపిండి మూట ఉంది. గదిలోకి వస్తూనే గూట్లో ఉన్న అమ్మ గ్లాసు తీసి, కుండలోంచి నీళ్లు ముంచి గటగటా తాగింది. ఎవరి కోసమూ చేసిన పని కాదు అది, దాహమేసింది. ఆ గ్లాసు ఆ పూట నుంచి మళ్లీ అందరిదీ అయింది.

అప్పటి నుంచి ముగ్గురూ వంతులు వేసుకున్నారు. వారానికి ఒకరు. ఒకరు దిగాకే ఇంకొకరు ఎక్కేవారు, మధ్యలో ఒక రాత్రి ఇద్దరూ ఉండేవారు. పెద్దమ్మ వస్తే చోడంబలి, మెత్తటి పప్పన్నం. అప్ప వస్తే ఊరి కబుర్లు. ఎవరి గేదె ఈనింది, ఎవరింట్లో మాటలు లేవు, పంచాయితీలో ఎవరేమన్నారు అన్నీ వచ్చేవి. కరెంటు పదో రోజు దాటాక అమ్మ నోరంతా పూసింది, ఉమ్మి ఎండిపోయింది, రుచి పోయింది. మాట్లాడటం కష్టమైంది. అప్పుడు వాళ్లు మాట్లాడేవారు, అమ్మ వేళ్లతో జవాబు చెప్పేది. సాయంత్రం ఆరింటికి ఆ సందులో గడప మీద కూర్చోవడం మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. చుట్ట వేళ అది. చుట్ట లేదు, వేళ ఉంది.

చుట్ట లేదు అన్నది పూర్తిగా నిజం కాదు. చేపలత్త మానలేకపోయింది. సందు చివరికి పోయి కాల్చుకుని, నోరు పుక్కిలించుకుని వచ్చి కూర్చునేది. అప్ప మాత్రం ఆ నెలలోనే మానేసింది, మళ్లీ ముట్టుకోలేదు. పెద్దమ్మని నేను బలవంతంగా డాక్టరు ముందు కూర్చోబెడితే అంగిట్లో తెల్లమచ్చ బయటపడింది. ఆమె మెల్లమెల్లగా తగ్గించి, సంక్రాంతికి పూర్తిగా ఆపింది. ఏడాది తిరిగేసరికి మచ్చ పోయింది. ఆ 36,000 మంది గురించి తర్వాత చదివినప్పుడు నాకు పెద్దమ్మ అంగిలే గుర్తొచ్చింది.

ఇరవై కరెంట్లు దాటేసరికి అక్టోబరు సగం గడిచింది. విజయదశమి వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. అమ్మ పెళ్లయిన దగ్గర్నుంచి ఏ ఏడూ తప్పలేదు. ఈసారి కూడా వెళ్తానంది. నాకు కోపం వచ్చింది. జనం, ఎండ, దుమ్ము, చెంప మీద సిరా, నోట్లో పుళ్లు, ఇన్ని పెట్టుకుని తిరునాళ్లకా అన్నాను. అమ్మ ప్లేటు సరిచేసుకుని మెల్లగా అడిగింది. "కరెంటు పెట్టించుకోడానికేనేటే నాను బతికున్నది?"

డాక్టరుని అడిగాను, వద్దంటాడన్న ఆశతోనే. ఆయన పొద్దున మొదటి వరసలో కరెంటు పెట్టేస్తాం, గొడుగు పట్టండి, గీతలు చెరగకుండా చూసుకోండి, నీళ్లు తాగిస్తూ ఉండండి అన్నాడు. ముగ్గురూ ముందురోజే దిగిపోయారు. మంగళవారం పొద్దున్న కరెంటు అయ్యాక అయిదుగురం రైలెక్కాం. మూడు లాంతర్ల దగ్గర ఒక కొట్టు మెట్ల మీద అమ్మని కూర్చోబెట్టి ముగ్గురూ చుట్టూ గోడలా నిలబడ్డారు. అమ్మవారు పూజారికి కలలో చెప్పిన చింతచెట్టుని వెతికి తెచ్చి సిరిమాను చేస్తారు. దాని చివర కట్టిన ఆసనం మీద పూజారిని కూర్చోబెట్టి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. బొబ్బిలి యుద్ధం నాటి విజయనగరం రాజు చెల్లెలే పైడితల్లి అని, ఆ 1757 దుఃఖం నుంచే ఈ ఉత్సవం పుట్టిందని అప్ప ఏటా చెప్పే కథ ఆ రోజు కూడా చెప్పింది. మాను కదిలినప్పుడు లక్ష గొంతులు లేచాయి. అమ్మ గొంతు లేవలేదు. అందరిలాగే చేతిలో అరటిపండు ఒక్కటి సిరిమాను వైపు గురి చూసి విసిరింది. తగిలిందో లేదో తెలియదు. తగిలిందనే చేపలత్త ఊరంతా చెప్పింది.

మర్నాడు కరెంటు తప్పలేదు. నెలాఖరుకి ముప్పై పూర్తయ్యాయి. సంక్రాంతికి అమ్మ అరుగు మీద ఉంది. ఫాల్గుణంలో ఒకరోజు పెద్దమ్మ నెత్తళ్ల పులుసు తెచ్చి ఊరికే నాలుకకి రాసి చూసుకోమంది. "పులుపు తెలుస్తంది" అంది అమ్మ. రెండు ఇళ్ల అవతలికి వినబడేలా పెద్దమ్మ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అమ్మ ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. ఏటా సిరిమాను చూసింది. ప్లేటు పెట్టుకుని మనవలకి కథలు చెప్పింది. 2003లో గుండెనొప్పితో పోయింది. క్యాన్సరు తిరగబెట్టలేదు. అందరికీ ఇలా జరుగుతుందని నేను చెప్పను. ఆ వరండాలో మాతో పాటు కూర్చున్నవాళ్లలో ఆ చలికాలం దాటనివాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒంటరిగా వచ్చి, ఒంటరిగా వరసలో నిలబడి, సగంలోనే మానేసి వెళ్లిపోయినవాళ్లని కూడా చూశాను. మందు ఒకటే, యంత్రం ఒకటే. మధ్యలో మానకుండా ముప్పై రోజులూ అమ్మని ఆ బల్ల దాకా నడిపించింది ఆ ముగ్గురే.

ఇప్పుడు మా ఊళ్లో కోడళ్లెవరూ అడ్డపొగ తాగరు. డెబ్బై దాటిన చేతుల్లో అక్కడక్కడా చుట్ట కనబడుతుంది. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. చుట్ట పోవడం మంచిదే, పోవాల్సిందే. తమ్ముడు ఇల్లు మేడ కట్టినప్పుడు అరుగు కూడా పోయింది. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. గొడవపడి గుమ్మం పక్కన నలుగురు పట్టే సిమెంటు దిమ్మె ఒకటి కట్టించాను. ఎదురింటి అప్ప ఎనభై ఏడేళ్ల వయసులో రోజూ సాయంత్రం వచ్చి దాని మీదే కూర్చుంటుంది.

మీ ఇంట్లో గానీ మీ ఊళ్లో గానీ అడ్డపొగ తాగే పెద్దావిడ ఉంటే, రేపు పొద్దున వెలుతుర్లో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ, మానని పుండు గానీ కనబడితే పన్నునొప్పి అని ఊరుకోకండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. జబ్బని తేలితే ఆమెకే ముందు చెప్పండి. ఆమె స్నేహితులకి కూడా కబురు పంపండి.